ఒకేసారి రెండు సొరుగులు

ముప్పై ఏళ్లకు పైగా రేకు వంచి బతికాను. నా చేతులతో వంచలేదు లెండి. ఎక్కడ ఎంత వంచాలో కాగితం మీద గీసి, వంచేవాళ్లకు ఇచ్చాను. అందుకని నన్ను ఇంజనీర్ సాహబ్ అన్నారు, వాళ్లను లేబర్ అన్నారు. ఈ విభజన ఎంత శాస్త్రీయమైనదో కింది సంగతి చదివాక మీరే తేల్చుకోండి.

మాది ఫరీదాబాద్‌లో ఆఫీసులకు ఉక్కు సామాను చేసే కర్మాగారం. అందులో డిజైన్ విభాగానికి నేను అధిపతిని. విభాగమంటే నేను, ఒక కంప్యూటరు, ఆ కంప్యూటరు ఆరోగ్యం కోసం పెట్టిన ఏసీ. మీరు ఏ ప్రభుత్వ కార్యాలయానికైనా వెళ్లి "రేపు రండి" అనిపించుకుని ఉంటే, ఆ మాట అన్నవారి వీపు వెనక నిలబడి ఉన్న బూడిదరంగు వస్తువు మాలాంటివాళ్లు చేసిందే.

ఇప్పుడు ద్వారకలో మా సొసైటీ పార్కులో కూర్చుంటే, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన తెలుగు పిల్లలు వచ్చి, "మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ సక్సెస్ ఏంటి అంకుల్?" అని అడుగుతుంటారు. తమ విజయాలు చెప్పుకునేవాళ్లు ఢిల్లీలో ప్రతి మెట్రో పెట్టెలో ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. నేను ఒక క్యాబినెట్ పడిపోయిన సంగతి చెబుతాను.

మా యజమానిని అందరూ లాలాజీ అనేవారు. ఒకరోజు ఆయన విదేశీ ఫర్నిచర్ కేటలాగు తెచ్చి నా బల్ల మీద పడేశారు.

"దేఖియే ఇంజనీర్ సాహబ్. వాళ్లది చూస్తే పెళ్లిమండపం. మనది చూస్తే పోలీస్ ఠాణా. పైగా మనదే ఖరీదెక్కువ."

"వాళ్లది రంపపు పొట్టు అతికించిన చెక్క, లాలాజీ. మనది ఉక్కు."

"కొనేవాడు కోసి చూస్తాడా?"

ఈ ప్రశ్నకు ఇంజనీరింగ్‌లో జవాబు లేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక కేంద్ర కార్యాలయం కొత్త భవనంలోకి మారుతోందట, దానికి నాలుగు సొరుగుల ఫైలింగ్ క్యాబినెట్లు వందల్లో కావాలట. ఆ కార్యాలయం కాగితం లేని పాలనకు మారుతున్నట్టు అప్పటికే ప్రకటించింది. ఆ ప్రకటన ప్రతులు దాచుకోవడానికే ఇన్ని క్యాబినెట్లు కావలసి వచ్చాయేమో, నేను అడగలేదు.

"ఈ ఆర్డరు రాకపోతే ఫ్యాబ్రికేషన్ షెడ్డు మూసేస్తాను. గోడౌన్ చేసి ఆ చెక్క సామానే తెప్పించి అమ్ముకుంటాను. చవగ్గా చేయండి, అందంగా చేయండి. చేయలేకపోతే షెడ్డులో ఉన్న ముప్పైనాలుగు మందికి ఆ మాట మీరే చెప్పండి" అన్నారు లాలాజీ. ఆయన బెదిరించడం లేదు. బెదిరించేటప్పుడు ఆయన చాయ్ తెప్పించేవారు. ఆరోజు తెప్పించలేదు.

పని మొదలుపెట్టాను. మన దేశంలో రేకు మందం మీద ఉన్న భక్తి మరి దేని మీదా లేదు. కొనేవాడు వచ్చి, పుచ్చకాయ కొన్నట్టు వేలిముడితో కొట్టి చూస్తాడు. "ధన్" అంటే గట్టిది, "ఠన్" అంటే డబ్బా. ఈ మూఢనమ్మకాన్ని బద్దలు కొట్టే అవకాశం వచ్చిందని నాకు మహా ఉత్సాహం. ఒక కాగితాన్ని బల్ల మీద నిలబెట్టి చూడండి, వాలిపోతుంది. మధ్యలో ఒక మడత పెట్టి నిలబెట్టండి, నిలుస్తుంది. బలం మందంలో లేదు, మడతలో ఉంది. నా ఉద్యోగంలో ఇంతకుమించిన శాస్త్రం ఏదీ లేదు.

రేకు పలచన చేసి, అంచులకు అదనపు మడతలు ఇచ్చాను. బయట బిగించే పిడులు తీసేసి, సొరుగు పై అంచునే లోపలికి వంచి వేళ్లు దూరే సందు చేశాను. వెల్డింగు మచ్చలు కంటికి కనపడని చోటికి పంపించాను. బూడిదరంగు పోయి పాలమీగడ రంగు వచ్చింది. ముందువైపు కింది పాదాన్ని రెండంగుళాలు వెనక్కి జరిపాను. దాంతో అక్కడ ఒక నీడ ఏర్పడి, క్యాబినెట్ నేలకు అంటకుండా తేలుతున్నట్టు కనిపించింది. ఇది నేను ఆ విదేశీ కేటలాగులో చూసి నేర్చుకున్నదే. స్వదేశీ మూఢత్వాన్ని ఎదిరించేవాడికి విదేశీ కేటలాగు ఎప్పుడూ ప్రమాణమే కదా.

ఒక్కటి మిగిలింది. పాత క్యాబినెట్‌లో సొరుగుల వెనక నిలువుగా ఒక ఇనుప కడ్డీ ఉండేది. ఒక సొరుగు తెరిస్తే మిగతా మూడింటినీ ఆ కడ్డీ బిగించి పట్టుకునేది. కడ్డీ, నాలుగు కొక్కేలు, ఒక స్ప్రింగు, అవి బిగించడానికి ఒక మనిషి. ఇదంతా ఎందుకని పాత డ్రాయింగులన్నీ వెతికాను. కారణం ఎక్కడా రాసి లేదు. కారణం చెప్పలేని ఆచారమంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్లుమంట. మా తెనాలి వైపు హేతువాద చర్చాసభల్లో పెరిగినవాణ్ని. ఢిల్లీ వచ్చిన కొత్తలో జియా సరాయ్ గదిలో ఉండి పోటీ పరీక్షలకు చదివేటప్పుడు, మంగళవారం గుడికి వెళ్లొచ్చే నా గది మిత్రులతో పుస్తకం మూసి మరీ వాదించేవాణ్ని. వాళ్లంతా పాసయ్యారు, నేను ఫెయిలయ్యాను. వాదనలో మాత్రం నేనే గెలిచాను. అటువంటివాణ్ని, కారణం రాయని కడ్డీని ఊరుకుంటానా? కొట్టేశాను.

అదే వారం ఇంకొకటి కూడా కొట్టేశాను. మా షెడ్డులో రేకు వంచే యంత్రం దగ్గర ఒక పెద్ద పనివాడు ఉండేవాడు. పూర్ణియా వైపు మనిషి, అందరికీ ఉస్తాద్. ఎడమచేతి చిటికెన వేలు కొస ఉండదు. ప్రతి శనివారం యంత్రానికి కొత్త నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు కట్టందే మీట నొక్కేవాడు కాదు. చాలా ఏళ్లు ఓర్చుకున్నాను. కొత్త డిజైను ఊపులో, "యంత్రాలపై నిమ్మకాయలు, మిరపకాయలు కట్టరాదు" అని నోటీసు అంటించి, ఆ నిమ్మకాయను తీయించాను. నోటీసు కంటే కింద నా సంతకమే పెద్దగా ఉంది.

మర్నాడు నేను షెడ్డులో ఉండగా ఉస్తాద్ డ్రాయింగు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సాహబ్, ఇందులో కడ్డీ ఏది?"

"తీసేశాను."

"పడిపోతుంది సాహబ్."

"ఏది?"

"క్యాబినెట్. ఆఫీసు బాబులు రెండు మూడు డ్రాలు ఒక్కసారే లాగుతారు. రేకు పలచన చేశారు, కాలు లోపలికి జరిపారు, కడ్డీ తీశారు. మనిషి మీద పడుతుంది."

"లెక్క వేశావా?"

"లెక్క నాకేం తెలుసు? చేతికి తెలుస్తుంది."

"ఓహో, చేతికా! నిమ్మకాయ తీస్తే యంత్రం కరుస్తుందని కూడా ఆ చేతికే తెలిసిందా?"

మిగతాదంతా యంత్రాల మోతలో పోయినా, నేను గొంతెత్తి అన్న ఈ ఒక్క మాటకు షెడ్డంతా నవ్వింది. ఉస్తాద్ కూడా నవ్వి, "మీరు చదువుకున్నవాళ్లు సాహబ్" అంటూ వెళ్లిపోయాడు. ఉత్తరాదివాళ్లు ఈ మాట ఎప్పుడు పొగడ్తగా అంటారో, ఎప్పుడు అనరో తెలుసుకునేటంత కాలం నేను అప్పటికే అక్కడ ఉన్నాను. అయినా పొగడ్తగానే తీసుకున్నాను.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆయన చెప్పింది నిజమో కాదో తేల్చడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగు సొరుగుల్లోనూ పాత కాగితాలు కుక్కి, రెండు సొరుగులు లాగి చూడాలి. అరగంట పని. ప్రశ్నించు, పరీక్షించు అని వేదికలెక్కి చెప్పినవాణ్ని, ఆ అరగంట పరీక్ష చేయలేదు. నేను లెక్క వేశాను, నిజమే. కానీ ఒక్క సొరుగు తెరిచినట్టే వేశాను. ఒకేసారి రెండు తెరవడం అవివేకం, అవివేకానికి నేను లెక్క వేయను. నిమ్మకాయ కట్టే మనిషి నోట వచ్చిన ప్రతి మాటా నిమ్మకాయేనని తీర్మానించుకున్నాను. మాట ఎవరిదని చూడకండి, మాట నిజమా అని చూడండి అని సభల్లో నేను చెప్పినప్పుడు చప్పట్లు బాగానే పడేవి. ఆ చప్పట్లు నాకు వినపడ్డాయి, మాట వినపడలేదు.

నమూనాను ఉస్తాద్ ఒక్కడే కూర్చి సిద్ధం చేశాడు. ఆ కార్యాలయం వారి కొనుగోలు కమిటీ ముందు దాన్ని నిలబెట్టిన రోజున నేను ఇస్త్రీ చొక్కా, ఉస్తాద్ యూనిఫాం వేసుకుని వెళ్లాం. తాళాలు సరిచేయడానికి ఆయన్ను తీసుకెళ్లాను. కమిటీ అంటే చైర్మన్‌గా ఒక పెద్ద అధికారి, ఆయన ఏమన్నా తల ఊపే ఇంకొకాయన, ఒక సెక్షన్ ఆఫీసర్. ఆ సెక్షన్ ఆఫీసర్ మేడమ్ నా హిందీ రెండు ముక్కలు వినగానే, "మీరు ఆంధ్రనా సార్? హిందీ ఇంటుంటెనే తెలుస్తున్నది. మాది వరంగల్" అంది.

చైర్మన్ ఉంగరపు వేలితో క్యాబినెట్‌ను కొట్టారు. అది "ఠన్" అంది.

"ఆవాజ్ హల్కీ హై" అన్నారాయన, మోత తేలిగ్గా ఉందని పెదవి విరుస్తూ. తల ఊపే ఆయన ఊపారు.

నేను సిద్ధంగా ఉన్నాను. జేబులోంచి కాగితం తీసి, మడత పెట్టి, బల్ల మీద నిలబెట్టి, బలం మందంలో లేదని ఉపన్యసించాను. చైర్మన్ శ్రద్ధగా విని, "చాలా బాగుంది. కానీ మేం కాగితంతో చేసినది కొనడం లేదు కదా" అన్నారు.

మేడమ్ కల్పించుకుని ఆయనతో హిందీలో, "సర్, మనం తబలా కొనడం లేదు కదా. మోగకపోయినా ఫరవాలేదు, మోస్తే చాలు" అంది. తర్వాత నావైపు తిరిగింది. "ఖాళీ క్యాబినెట్ ఎవలకు గావాలె సార్? నింపి చూద్దాం."

ఇద్దరు అటెండర్లు ఆమె సెక్షన్‌లోంచి పెండింగ్ ఫైళ్లు మోసుకొచ్చి నాలుగు సొరుగులూ నింపారు. దేశంలో పెండింగ్ ఫైళ్ల బరువెంతో ఆరోజే ప్రత్యక్షంగా చూశాను. ఉస్తాద్ వచ్చి క్యాబినెట్ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"చెయ్యి తియ్, వేలిముద్రలు పడతాయి" అన్నాను.

చెయ్యి తీశాడు. పక్కకు మాత్రం జరగలేదు.

మేడమ్ పై సొరుగు లాగింది. వెన్నలా జారి వచ్చింది. చైర్మన్ "వాహ్" అన్నారు. రేకు మందం కొలిచే లెక్కలో చెప్పాలంటే, నా ఛాతీ ఒక గేజి ఉబ్బింది.

"సగం కేసు ఈ డ్రాల ఉంటది, సగం గీ డ్రాల ఉంటది సార్. మేం గిట్లనే చూస్తం" అంటూ ఆమె రెండోది లాగింది. మూడోదానికి వంగింది.

తేలుతున్నట్టు కనిపించాలని రెండంగుళాలు వెనక్కి జరిపిన పాదం తన పని తాను చేసింది. క్యాబినెట్ నిజంగానే తేలింది.

"హటియే మేడమ్!"

కేక, భుజం రెండూ ఒకేసారి వచ్చాయి. వంగి ఉన్న ఆమె తలకు జానెడు దూరంలో ఉస్తాద్ ఆ బరువంతా భుజానికెత్తుకుని ఆపాడు. సొరుగు అంచు ఆయన ముంజేతిని చీరింది. పెండింగ్ ఫైళ్లు మాత్రం జీవితంలో మొదటిసారి చకచకా కదిలి నేల మీదకి జారాయి. అటెండర్లు పరుగెత్తి వచ్చి క్యాబినెట్‌ను నిలబెట్టారు.

"యే క్యా హై?" అన్నారు చైర్మన్, నన్ను చూస్తూ.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ నాకు తెలియదు. నాకంటే ముందు ఉస్తాద్ అందుకున్నాడు.

"గల్తీ నాదే సాబ్. దీంట్లో ఒక కడ్డీ ఉంటుంది. రెండో డ్రా తెరుచుకోనివ్వదు. బిగించడం మర్చిపోయాను. సాహబ్ డ్రాయింగులో ఉంది."

చెప్తూ చేతికి రుమాలు చుట్టుకుంటున్నాడు. నావైపు చూడలేదు. ఆయన కళ్ల ముందు షెడ్డు ఉంది, అందులో ముప్పైనాలుగు మంది ఉన్నారు. తెరిచిన నోరు నేను మూశాను.

చైర్మన్ మూడు వారాల గడువిచ్చారు. సరిచేసి తెమ్మన్నారు, ఎందుకిలా జరిగిందో, బాధ్యుడి మీద ఏం చర్య తీసుకున్నారో రాసి ఇమ్మన్నారు. అందరూ చాయ్‌కి లేచాక మేడమ్ నా పక్కకు వచ్చింది.

"సార్, తెలుగోల్లమని చెప్తున్న. ఆ పెద్దాయన కడ్డీ మర్చిపోతే, కడ్డీ బిగించే రంధ్రాలన్న ఉండాలె గద? లోపలికి తొంగి చూసిన. ఒక్క రంధ్రం లేదు."

నేను నేల మీది ఫైళ్లు ఏరడానికి వంగాను.

"నేను చెప్తే అది ఫైల్ అయితది. మీరు చెప్తే మాట అయితది. మీరే చెప్పుండ్రి" అంది.

"చెబుతానమ్మా" అన్నాను.

చెప్పలేదు. ఫరీదాబాద్ వచ్చి కడ్డీ పెట్టాను. పాదాన్ని ముందుకు తెచ్చి, అర అంగుళం నీడ మాత్రం ఉంచాను. అడుగున వెనకవైపు ఒక బరువు పట్టీ వేయించాను. ఇన్ని చేసినా పాతదానికంటే చవకగానే వచ్చింది, అందంగానే ఉంది. అంటే మొదటే ఉస్తాద్ మాట విన్నా నా డిజైనుకు వచ్చిన నష్టమేమీ లేదన్నమాట. రెండోసారి కమిటీ ముందు ఒక సొరుగు తెరిస్తే రెండోది రాలేదు. ఆర్డరు వచ్చింది, షెడ్డు బతికింది. మేడమ్ సంతకం పెడుతూ నన్ను ఒకసారి చూసింది. నేను నా పెన్ను మూత వెతుక్కున్నాను.

కమిటీ అడిగిన వివరణ కోసం ఉస్తాద్‌కు మెమో ఇవ్వాల్సి వచ్చింది. లాలాజీ రాయమన్నారు, నేను రాశాను. "ఫిట్టింగులో అజాగ్రత్త వల్ల." నా హిందీలో లింగాలు, వచనాలు ఎప్పుడూ కొట్టుకుంటాయి. ఆ మెమోలో ఒక్క తప్పు లేదు. ఉస్తాద్ సంతకం చేసి, "బస్, సాహబ్? ఇంతేనా?" అన్నాడు. "బస్" అన్నాను. ముప్పైనాలుగు మంది కోసమే ఇలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ముప్పైఐదో మనిషిని, అంటే నన్ను, ఆ లెక్కలోంచి మర్యాదగా తప్పించాను.

వారం తిరగకుండా నిమ్మకాయలు తిరిగి వచ్చాయి. ఈసారి ఒక్క యంత్రానికి కాదు. వంచే యంత్రానికి, కోసే యంత్రానికి, రంగు కాల్చే పొయ్యికి, చివరికి నా ఏసీకి. నోటీసు నేనే చింపేశానని కొందరికి గుర్తు, లాలాజీ చింపారని నాకు గుర్తు. ఎవరు చింపినా నేను ఏమీ అనలేదు. హేతువాదికి నోరు పోయాక మిరపకాయలకు అడ్డేముంది?

అలా ఆరేళ్లు గడిచాయి. రిటైరైన రోజున నాకు శాలువా కప్పి, ఒక గడియారం ఇచ్చారు. సభ అయ్యాక ఉస్తాద్‌ను పక్కకు పిలిచాను.

"ఒక్క మాట అడుగుతాను. కడ్డీ లేకే పడిందని మీకు తెలుసు. ముందు చెప్పింది మీరే. మరి ఈ నిమ్మకాయలన్నీ ఎందుకు కట్టనిచ్చారు?"

ఆయన నన్ను వింతగా చూశాడు.

"నాకు తెలుసు సాహబ్. వాళ్లకు తెలియదు కదా. ఉస్తాద్ కడ్డీ మర్చిపోయాడని మెమోలో రాశారు. ఉస్తాద్ ఎప్పుడూ ఏదీ మర్చిపోడని వాళ్లకు తెలుసు. మరి ఆరోజే ఎందుకు మర్చిపోయాడు? వాళ్లు ఆలోచించారు. నిమ్మకాయ తీసేశారు గనక మర్చిపోయాడు అన్నారు. నేనేమనాలి? మెమో అబద్ధమనాలా?"

వాళ్ల తర్కంలో నాకు ఒక్క పగులూ కనపడలేదు. వాళ్లకు నేనిచ్చిన ఆధారంతో ఎవరు ఆలోచించినా అదే నిమ్మకాయ దగ్గరికి చేరతారు. నిజమైన కారణం నేను దాచాను. ఖాళీ అయిన ఆ చోట నిమ్మకాయ కూర్చుంది. దాన్ని అక్కడ కట్టింది ఉస్తాద్ కాదు, నేను.

పర్సనెల్ సెక్షన్‌కు వెళ్లాను. ఉద్యోగుల ఫైళ్లు మూడో సొరుగులో ఉన్నాయి. లాగాను, రాలేదు. గట్టిగా లాగాను.

"అంకుల్, ఊపర్‌వాలా బంద్ కీజియే పహలే" అంది అక్కడి క్లర్కు. చూస్తే పై సొరుగు తెరిచి ఉంది. క్యాబినెట్ మా డిజైనే. పైది మూసి, మూడోది తెరిచి, ఆ మెమో తీశాను. కింద రాశాను: "కడ్డీ మర్చిపోవడం జరగలేదు. కడ్డీ డ్రాయింగులోనే లేదు. తీసేసినది నేను. పడిపోతుందని ఉస్తాద్ ముందే చెప్పారు. నేను పరీక్షించలేదు." సంతకం పెట్టాను. ఈసారి చిన్నగా పెట్టాను.

షెడ్డుకు వెళ్లి యంత్రాలు ఆపించి దాన్ని చదివాను. హిందీ లింగాలు మళ్లీ కొట్టుకున్నాయి. ఎవరూ నవ్వలేదు. చివరికి వెల్డింగు దగ్గర్నుంచి ఒకాయన, "అయితే సాహబ్, నిమ్మకాయ తీసేయమంటారా?" అన్నాడు.

పాతవాణ్నయితే ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. "ఒక్క యంత్రానికి తీసి చూద్దాం. మిగతావాటికి ఉంచండి. ఏడాదయ్యాక మీరే చెప్పండి" అన్నాను.

"నా మెషిన్‌కు తీయండి" అన్నాడు ఉస్తాద్. "కానీ నెలకోసారి మీరే వచ్చి చూడాలి. పరీక్ష అన్నాక మాస్టారు ఉండాలి కదా!"

ఈసారి షెడ్డు నవ్వింది.

నెలకోసారి ద్వారక నుంచి బయల్దేరి, మండీ హౌస్‌లో రైలు మారి, ఫరీదాబాద్ వెళ్లి వస్తున్నాను. మొన్న వెళ్లేసరికి ఉస్తాద్ యంత్రం దగ్గర పనిచేసే మనిషి బొటనవేలికి కట్టుతో ఎదురొచ్చాడు. షెడ్డంతా పని ఆపి నా మొహం చూస్తోంది. నిమ్మకాయ తీసేసిన ఖాళీ కొక్కెం వైపు చూడకుండా ఉండటానికి నేను ప్రయత్నిస్తున్నాను.

"ఫోన్ చూస్తూ రేకు లాగాను సాహబ్. అందుకే తెగింది" అన్నాడా మనిషి, ఎవరూ అడగకముందే.

ఉస్తాద్ చాయ్ గ్లాసు నా చేతికిస్తూ అన్నాడు: "చూశారా సాహబ్? తన తప్పు చెప్పడానికి ఇతనికి ఒక్క నిమిషం పట్టింది. చదువుకోలేదు కదా!"